కంటి దురద చార్టుకు కోడ్ వేయడం ఎలా?

కంటి విభాగం కేటాయిస్తే కొత్త మెడికల్ కోడర్లు (డాక్టరు నోట్లలోని రోగాలను కోడ్‌లుగా మార్చేవారు) సంబరపడతారు. నోటు ఒకటి, ఒకటిన్నర పేజీకి మించదు. పైగా దురద, ఎరుపు, నీళ్లు కారడం అంటే ఎవరికి తెలియదు? చిక్కంతా అక్కడే ఉంది. తెలిసిన జబ్బే కదా అని డాక్టరు రాసింది పూర్తిగా చదవకుండానే మనసులో రోగం తేల్చేసి హెచ్10.13 (రెండు కళ్ల అలర్జీ కోడ్) కొట్టేస్తారు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా చార్టులను ఆడిట్ చేసే నాకు ఇలాంటివి తరచూ ఎదురవుతాయి. కోడ్ చాలాసార్లు సరిపోతుంది కూడా. అయినా నేను వదలను. ఆ కోడ్‌కు చార్టులో ఆధారం చూపించమంటే కోడర్ నీళ్లు నమలడమే అందుకు కారణం.

ఇక్కడ చెప్పేది ఐసీడీ-10-సీఎం గురించి, అంటే అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్న రోగనిర్ధారణ కోడ్‌ల గురించి. సీపీసీ (కోడర్ల ధ్రువీకరణ పరీక్ష) రాసి కొత్తగా ఉద్యోగంలో చేరినవారిని, వేరే విభాగం నుంచి కంటి విభాగానికి మారినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఏ చుక్కలు వేసుకోవాలో ఇందులో వెతకకండి, అది డాక్టరు పని.

ముందుగా అసెస్‌మెంట్ తెరవండి

చార్టును పైనుంచి కిందికి చదివే అలవాటు మంచిదే, కానీ కంటి అలర్జీలో అదే దారి తప్పిస్తుంది. రోగి చెప్పుకున్న బాధలు, టెక్నీషియన్ రాసిన వివరాలు, స్లిట్ ల్యాంప్ పరీక్షలో కనిపించినవి చదివేసరికి మీ బుర్ర ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది. తర్వాత అసెస్‌మెంట్‌లో (డాక్టరు రోగనిర్ధారణ రాసే భాగంలో) ఏమున్నా మీకు మీ నిర్ణయమే కనిపిస్తుంది. అందుకని నా దగ్గర శిక్షణ తీసుకునేవారిని ముందు అసెస్‌మెంట్, ప్లాన్ చదివి, ఆ తర్వాత వెనక్కి వెళ్లి మిగతా నోటు దానికి మద్దతిస్తోందా లేదా చూడమంటాను.

శిక్షణ కోసం నేను కల్పించిన నమూనా చార్టు ఇది:

వచ్చిన కారణం: మూడు వారాలుగా రెండు కళ్లూ దురద, నీళ్లు కారడం. ఉదయం లేచేసరికి రెప్పలు అతుక్కోవడం లేదు. చూపు బాగానే ఉంది.
పరీక్ష: రెండు పై రెప్పల లోపల చిన్న పాపిల్లే (బొడిపెలు), కంజంక్టైవాలో (కంటి తెల్లభాగాన్ని కప్పే పొరలో) కొద్దిపాటి వాపు, ఎరుపు. కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) స్వచ్ఛంగా ఉంది.
అసెస్‌మెంట్: అలర్జిక్ కంజంక్టివైటిస్, ఓయూ.
ప్లాన్: ఒలోపటడిన్ చుక్కలు రోజుకు ఒకసారి, చల్లటి కాపడం. నెల తర్వాత రావాలి.

దీన్ని కోడ్ పుస్తకం ఇండెక్స్‌లో (రోగాల పేర్ల పట్టికలో) వెతకండి. కంజంక్టివైటిస్ కింద అలర్జిక్ ఉంటుంది, దాని పక్కనే బ్రాకెట్‌లో అక్యూట్ (హఠాత్తుగా వచ్చినది) అని ఉంటుంది. ఆ బ్రాకెట్ చాలా విలువైనది. అందులోని మాట డాక్టరు రాసినా, రాయకపోయినా కోడ్ మారదని దాని అర్థం. అక్కడి నుంచి ఇండెక్స్ మిమ్మల్ని అక్యూట్ అటోపిక్ దగ్గరికి, అంటే హెచ్10.1 దగ్గరికి పంపిస్తుంది. ట్యాబులర్‌లో (కోడ్‌ల వరుస జాబితాలో) హెచ్10.10 ఏ కన్నో తెలియనిది, హెచ్10.11 కుడి, హెచ్10.12 ఎడమ, హెచ్10.13 రెండు కళ్లు. ఓయూ అంటే రెండు కళ్లు కాబట్టి హెచ్10.13. ఓడీ కుడి కన్ను, ఓఎస్ ఎడమ కన్ను. ఈ మూడు సంక్షిప్తాలను తడబడకుండా చదవలేనివారికి కంటి విభాగంలో రోజు గడవదు.

ఇక్కడ శిక్షణలో తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది. “మూడు వారాలుగా అన్నారు కదా, క్రానిక్ (దీర్ఘకాలికం) అనుకోవచ్చా?” అనుకోకూడదు. ఎన్ని వారాలు దాటితే క్రానిక్ అవుతుందో లెక్కగట్టే అధికారం మనకు లేదు. డాక్టరు క్రానిక్ అని రాస్తే క్రానిక్, రాయకపోతే ఇండెక్స్ చూపించిన దారే. దురద, ఎరుపు, నీళ్లు కారడం అనే లక్షణాలకు విడిగా కోడ్‌లు కూడా వద్దు. రోగంలో సహజంగా భాగమైన లక్షణాలను వేరుగా కోడ్ చేయవద్దని ఐసీడీ-10-సీఎం మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

“క్రానిక్” అనే మాట తెచ్చే మార్పు

అసెస్‌మెంట్‌లో క్రానిక్ అలర్జిక్ కంజంక్టివైటిస్ అని ఉంటే హెచ్10.45. ఈ కోడ్‌లో కుడి, ఎడమ తేడా లేదు. ఐదు అక్షరాలతోనే కోడ్ పూర్తయిపోతుంది. హెచ్10.1 అలవాటైన చేయి ఆరో అంకె కోసం తడుముకుంటుంది, కొందరైతే హెచ్10.453 అని కొట్టి ఎన్‌కోడర్ (కోడింగ్ సాఫ్ట్‌వేర్) ఎందుకు ఒప్పుకోవడం లేదని అడుగుతారు. అలాంటి కోడే లేదు.

వెర్నల్ కంజంక్టివైటిస్‌దీ అదే పద్ధతి: హెచ్10.44, కన్ను చెప్పే అంకె ఉండదు. ఎండ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు ఎక్కువగా వచ్చే జబ్బు కాబట్టి మన దగ్గర కంటి ఆసుపత్రులకు ఇది బాగా పరిచయం. అమెరికా చార్టుల్లో అంతగా కనిపించదు. కనిపించినప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, ఎందుకంటే హెచ్10.44 కింద ఎక్స్‌క్లూడ్స్1 (ఈ కోడ్‌తో కలిపి వేయకూడనివి చెప్పే) సూచన ఉంది. లింబస్ (కార్నియా అంచు), కార్నియా కూడా దెబ్బతిన్న వెర్నల్ కెరటోకంజంక్టివైటిస్ అయితే హెచ్16.26కు వెళ్లాలి. అక్కడ మళ్లీ కన్ను చెప్పాలి: కుడికి హెచ్16.261, ఎడమకు హెచ్16.262, రెండింటికీ హెచ్16.263. ఈ రెండు కుటుంబాలనూ ఒకే బీమా క్లెయిమ్‌లో కలిపి వేయకూడదు. నిజానికి హెచ్10 మొత్తం విభాగానికే పైన కెరటోకంజంక్టివైటిస్‌ను మినహాయించే ఎక్స్‌క్లూడ్స్1 ఉంది. వర్గం మొదట్లో రాసిన ఈ సూచనలను చదవకుండా నేరుగా కోడ్ దగ్గరికి దూకేవాళ్లే ఎక్కువ.

పరీక్షలో ట్రాంటాస్ చుక్కలు (కంట్లో తెల్లటి మచ్చలు) ఉన్నాయని రాసి, అసెస్‌మెంట్‌లో మాత్రం వెర్నల్ కంజంక్టివైటిస్ అని రాశారనుకోండి. ట్రాంటాస్ చుక్కలు లింబస్ దగ్గర కనిపించేవని మీకు తెలుసు. కాబట్టి హెచ్16.26 వేసేయవచ్చా? వేయకూడదు. పరీక్షలో కనిపించిన దాన్ని రోగనిర్ధారణగా మార్చే హక్కు కోడర్‌కు లేదు. డాక్టరుకు క్వెరీ (వివరణ కోరే రాతపూర్వక ప్రశ్న) పంపాలి. అటోపిక్ కెరటోకంజంక్టివైటిస్ అని డాక్టరే రాస్తే దాన్ని హెచ్16.29 కింద చూడండి. పేరులో అటోపిక్ ఉంది కదా అని హెచ్10.1 వేస్తే తప్పు.

పాపిల్లే అనే మాట కూడా ఇలాగే మోసం చేస్తుంది. కాంటాక్ట్ లెన్స్ వాడేవారిలో వచ్చే జయంట్ పాపిల్లరీ కంజంక్టివైటిస్‌కు హెచ్10.41 కుటుంబం ఉంది: కుడికి హెచ్10.411, ఎడమకు హెచ్10.412, రెండింటికీ హెచ్10.413. లెన్స్ వాడుతున్నారని చెప్పడానికి అదనంగా జెడ్97.3 ఇవ్వవచ్చు. అయితే పై రెప్ప కింద పాపిల్లే ఉన్నాయని పరీక్షలో రాసినంత మాత్రాన, రోగి లెన్స్ వాడుతున్నంత మాత్రాన హెచ్10.41 రాదు. అక్యూట్ పాపిల్లరీ అని డాక్టరు రాస్తే అది హెచ్10.1 కిందకే వస్తుంది, ట్యాబులర్‌లో ఆ పేరు అక్కడే చేర్చి ఉంది.

డాక్టరు ఇంకా తేల్చనప్పుడు

అమెరికాలో అర్జెంట్ కేర్ నోట్లు చదివినవారికి ఈ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది: “పింక్ ఐ, బహుశా అలర్జీ కావచ్చు.” ఐదే మాటలు, రెండు ఉచ్చులు.

మొదటిది “బహుశా”. ఔట్‌పేషెంట్ చార్టులో అనుమానం, అవకాశం, “కావచ్చు”, “లాగా ఉంది”, “కాదని నిర్ధారించుకోవాలి” వంటి మాటలతో ముడిపడిన రోగాన్ని కోడ్ చేయకూడదు. మార్గదర్శకాల నాలుగో విభాగం ఈ మాటలను పేరుపేరునా చెబుతుంది. ఆసుపత్రిలో చేరిన రోగికి వర్తించే నియమం వేరు, ఆ రెండింటినీ కలపకండి. రెండోది “పింక్ ఐ”. ఇండెక్స్‌లో పింక్ ఐ వెతికితే అది అక్యూట్ మ్యూకోప్యూరులెంట్ కంజంక్టివైటిస్‌కు, అంటే హెచ్10.02కు పంపిస్తుంది. అది చీముతో కూడినది. అలర్జీ అని డాక్టరు అనుమానిస్తున్న చార్టుకు చీము కళ్ల కోడ్ తగిలిస్తే, రేపు రోగి రికార్డులో లేని ఇన్‌ఫెక్షన్ చరిత్ర మొదలవుతుంది. ఇండెక్స్ చెప్పింది కదా అని వాదించేవారు ఉంటారు. నోటు ఒకటి చెబుతుంటే ఇండెక్స్ మరొకటి చెబుతున్నప్పుడు ఆగి అడగాల్సిందే. ఇక పింక్ ఐ అనే మాట రోగి చెప్పుకున్న చోట మాత్రమే ఉంటే దానికి విలువే లేదు, పిల్లల తల్లులందరూ ఆ మాటే వాడతారు.

రోగం ఏదో తేలలేదు, లక్షణాలే మిగిలాయి అనుకుందాం. కంటి దురదకు సాధారణంగా వాడేది హెచ్57.89. నీళ్లు కారడానికి హెచ్04.20 కుటుంబం, ఎరుపుకు హెచ్11.43 కుటుంబం, కంట్లో ఏదో పడినట్టు ఉందంటే హెచ్57.8ఏ కుటుంబం, రెండు కళ్లలోనైతే హెచ్57.8ఏ3. ఇండెక్స్‌లో దురద అనే పదం కింద కంటిని వెతుక్కుంటూ పోతే మీకు ధోబీ దురద కూడా కనిపిస్తుంది. మన చాకలివారి పేరు అమెరికా పుస్తకంలోకి ఎక్కింది, అది తామరకు సంబంధించిన బి35.6. కాసేపు నవ్వుకోండి, కానీ కంటికి దారి అక్కడ లేదు. రెప్ప చర్మానికే అలర్జీ అని డాక్టరు రాస్తే హెచ్01.11 కుటుంబం వేరే ఉంది, అందులో కుడి పై రెప్ప, కుడి కింది రెప్ప, ఎడమ పై రెప్ప, ఎడమ కింది రెప్ప అన్నీ విడివిడిగా ఉంటాయి.

పాత చీట్ షీట్ల గురించి ఒక మాట. అమీర్‌పేట కోచింగ్ నోట్సుల జిరాక్సుల్లో కంటి దురదకు హెచ్57.8 అని ఉంటే దాన్ని చింపేయండి. 2018 అక్టోబరు 1 నుంచి ఆ కోడ్ విడిపోయి హెచ్57.89 వచ్చింది. హెచ్57.8ఏ కుటుంబం 2023 అక్టోబరులో వచ్చింది. ఏటా అక్టోబరు 1న కొత్త పుస్తకం అమల్లోకి వస్తుంది, 2022 నుంచి ఏప్రిల్ 1న కూడా మార్పులు ఉండవచ్చు. చార్టు మీ చేతికి ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం కాదు, రోగి డాక్టరును చూసిన తేదీకి ఏ పుస్తకం అమల్లో ఉందో దాన్నే తెరవాలి. సెప్టెంబరు 30న చూసిన రోగి చార్టు అక్టోబరు 10న మీకు వస్తే పాత పుస్తకమే.

ఏ కన్ను, ఏ కారణం

హెచ్10.10 లాంటి “ఏ కన్నో తెలియదు” కోడ్‌లు చివరి దారి. డాక్టరు కన్ను రాయకపోయినా టెక్నీషియన్ లేదా నర్సు “కుడి కంట్లో దురద” అని రాసి ఉంటే, దాని ఆధారంగా కన్ను నిర్ణయించవచ్చని 2021 అక్టోబరు నుంచి మార్గదర్శకాలు అనుమతిస్తున్నాయి. టెక్నీషియన్ కుడి అని, డాక్టరు ఎడమ అని రాస్తే మాత్రం క్వెరీయే. ఈ వెసులుబాటు కంటికి మాత్రమే పరిమితం కాదు, అయినా కంటి చార్టుల్లో దీని అవసరం ఎంత వస్తుందో చెప్పలేను.

కారణం విషయంలో హెచ్10 కుటుంబం మౌనంగా ఉంటుంది. పుప్పొడి వల్ల వచ్చిన కంటి అలర్జీకి ప్రత్యేక కోడ్ లేదు. టెక్సస్‌లోని ఆస్టిన్ చుట్టుపక్కల డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సీడర్ చెట్ల పుప్పొడి గాలిలో తేలుతుంది, ఆ కాలంలో కళ్లూ ముక్కూ కలిసే బాధపెడతాయి. డాక్టరు పుప్పొడి వల్ల అలర్జిక్ రైనైటిస్ (ముక్కు అలర్జీ) అని కూడా రాస్తే జే30.1 అదనంగా ఇవ్వాలి. కుక్క, పిల్లి వెంట్రుకల వల్ల అని రాస్తే జే30.81. సీజనల్ అని మాత్రమే రాస్తే జే30.2. ముక్కు గురించి డాక్టరు ఏమీ రాయకుండా, రోగి తుమ్ములు వస్తున్నాయన్నారని టెక్నీషియన్ రాసిన దాన్నిబట్టి జే30 తగిలించవద్దు.

కారణం చుక్కలే అయినప్పుడు మాత్రం కోడ్ తప్పనిసరి. గ్లకోమాకు బ్రిమోనిడిన్ చుక్కలు వాడే వృద్ధులకు కొన్ని నెలల తర్వాత కళ్లు ఎర్రబడి దురద పెట్టడం సాధారణం. డాక్టరు “బ్రిమోనిడిన్ వల్ల అలర్జిక్ కంజంక్టివైటిస్, ఓయూ” అని రాస్తే ముందు హెచ్10.13, ఆ తర్వాత టీ49.5ఎక్స్5ఏ. మందు సరిగ్గానే వాడినా వికటించిందని అది చెబుతుంది. వరుస మార్చవద్దు, జరిగిన హాని ముందు, దానికి కారణమైన మందు తర్వాత. అసలు గ్లకోమా కోడ్ కూడా నోటులో చర్చించి ఉంటే వేయాలి. చుక్కల్లోని పదార్థం కంటిని నేరుగా దెబ్బతీసిందని, అంటే టాక్సిక్ అని రాస్తే హెచ్10.21 కుటుంబం చూడండి. అలర్జీ, టాక్సిక్ రెండూ ఒకటే అనుకోకూడదు.

క్వెరీ రాయడం

మనవాళ్లు క్వెరీ అంటే భయపడతారు. డాక్టరును ప్రశ్నించడం మర్యాద కాదేమో అనే పెంపకం కొంత, టీమ్ లీడ్ ప్రొడక్షన్ లెక్క కొంత. భయం లేకుండా రాయండి, కానీ జవాబు అందించకండి. “ఇది క్రానిక్ కదా, క్రానిక్ అని చేర్చగలరా?” అని రాస్తే అది మీరే జవాబు చెప్పినట్టు. ఇలా రాయవచ్చు:

“మార్చి 4 నాటి నోటులో అసెస్‌మెంట్: వెర్నల్ కంజంక్టివైటిస్. అదే నోటు పరీక్ష భాగంలో రెండు కళ్లలో లింబస్ వద్ద ట్రాంటాస్ చుక్కలు, కుడి కార్నియాపై ఎపిథీలియం చెదిరిందని ఉంది. మీ వైద్య నిర్ణయం ప్రకారం ఈ పరిస్థితిని స్పష్టం చేయగలరా? వెర్నల్ కంజంక్టివైటిస్ మాత్రమే, లింబస్, కార్నియా ప్రమేయంతో వెర్నల్ కెరటోకంజంక్టివైటిస్, ఇతరం, నిర్ధారించలేము.”

నోటులో ఏముందో చెప్పాలి, ఎంపికలు ఇవ్వాలి, ఇతరం, నిర్ధారించలేము అనే వీలు తప్పక ఉంచాలి. ఏ కోడ్‌కు ఎంత డబ్బు వస్తుందో ఎక్కడా ప్రస్తావించకూడదు. ఈ నమూనాను మీ కంపెనీ టెంప్లేట్‌కు అనుగుణంగా ఇంగ్లిషులోకి మార్చుకోండి.

ఇక సందర్శన స్థాయి (డాక్టరు చేసిన పనికి బిల్లు వేసే కోడ్) సంగతి క్లుప్తంగా. కంటి పరీక్షకు 92002, 92004, 92012, 92014 ఉన్నాయి, లేదా 99 కుటుంబంలోని సాధారణ సందర్శన కోడ్‌లు ఉన్నాయి. నోటు దేనికి సరిపోతుందో, పేయర్ (బీమా సంస్థ) నియమం ఏమిటో చూడాలి. సాధారణ అలర్జిక్ కంజంక్టివైటిస్ ఒక్కటే ఉండి, ప్రిస్క్రిప్షన్ చుక్కలు రాస్తే రిస్కు మోడరేట్ అవుతుంది. అది చూసి 99214 (ఒక మెట్టు పై స్థాయి) వేస్తారు. కానీ సమస్య స్థాయి తక్కువే, సమీక్షించిన సమాచారం దాదాపు లేదు. సమస్య, సమాచారం, రిస్కు అనే మూడింటిలో రెండు కలవాలి కాబట్టి 99213 దగ్గరే ఆగుతుంది. క్రానిక్ అలర్జీ ముదిరిందని, అదుపులో లేదని డాక్టరు రాస్తే సమస్య స్థాయి పెరిగి లెక్క మారుతుంది. కళ్లజోడు కోసం మామూలు పరీక్షకు వచ్చిన రోగికి అలర్జీ బయటపడితే ముందు జెడ్01.01, తర్వాత అలర్జీ కోడ్.

అమెరికాలో ప్రాక్టీసు చేసే తెలుగు డాక్టర్లు ఈ వ్యాసం చదువుతుంటే వారికి ఒక విన్నపం. “అలర్జీ, చుక్కలు కొనసాగించండి” అనే బదులు “రెండు కళ్లలో క్రానిక్ అలర్జిక్ కంజంక్టివైటిస్, కార్నియా బాగుంది, చుక్కలు వాడినా దురద తగ్గలేదు, మందు మారుస్తున్నాను” అని ఒక్క వాక్యం రాస్తే మా క్వెరీల్లో చాలా భాగం మీ దాకా రావు. నిరుడు రాసిన అసెస్‌మెంట్‌ను కాపీ చేసి అతికించే బటన్‌ను మాత్రం దయచేసి ముట్టుకోకండి. నిరుటి జనవరిలో “రెండు కళ్లు” అని ఉన్న మాట ఈ జూన్‌లో ఒక్క ఎడమ కంటికే వచ్చిన బాధ మీద అలాగే కూర్చుని ఉంటుంది. ఏది నిజమో మాకు తెలియదు. క్వెరీకి మీరిచ్చే జవాబు కూడా ఫోనులో కాకుండా, తేదీ, సంతకంతో చార్టులో అడెండమ్‌గా (అదనపు నోటుగా) చేరాలి. అది చేరేదాకా చార్టు మా వద్ద హోల్డ్‌లోనే ఉంటుంది.